కారు కనపడని కొండ మీద నాలుగు రోజులు

ప్రశ్న: మే నెలలో ఇద్దరు పిల్లల్నీ, మా అత్తగారినీ తీసుకుని ఏదైనా కొండ ఊరికి వెళ్దామనుకుంటున్నాం. పోయినేడు ఊటీలో సగం రోజు ట్రాఫిక్‌లోనే గడిచింది. మాకు కారు లేదు. హారన్ల మోత లేని చోటు ఉందా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉందమ్మా, మాథేరాన్. ముంబై దగ్గర, సహ్యాద్రి కొండల మీద, సుమారు 800 మీటర్ల ఎత్తులో. టూరిస్టుల కార్లు, బైకులు ఊరి బయటే, దస్తూరి నాకా అనే చోటే ఆగిపోవాల్సిందే.

హైదరాబాద్‌లో ముంబై రైలెక్కి కల్యాణ్‌లో దిగండి. అక్కడ కర్జత్ వెళ్లే లోకల్ రైలు పట్టుకుని, కొండ కింద ఉన్న నేరల్‌లో దిగండి. ఆపైన 1907లో మొదలైన బుల్లి రైలు. సీట్లు తక్కువే. దొరక్కపోతే టెన్షన్ వద్దు. షేర్ ట్యాక్సీలో దస్తూరి దాకా వెళ్తే, అక్కడికి దగ్గర్లోని అమన్ లాడ్జ్ స్టేషన్ నుంచి ఊళ్లోకి షటిల్ రైలుంటుంది.

చక్రాల సూట్‌కేసు మాత్రం తీసుకెళ్లకండి. నాది ఆ ఎర్రమట్టిలో పది అడుగులు కూడా కదల్లేదు, చివరికి కూలీ నెత్తిన పెట్టుకుని మోశాడు. మా అబ్బాయి తెల్ల సాక్సులు ఎన్ని ఉతుకులు ఉతికినా ఇటుక రంగే! అత్తగారు ఎక్కువ నడవలేకపోతే బజారుకు దగ్గర్లోనే గది తీసుకోండి.

ఊటీ చలి ఆశించొద్దు. మేలో మధ్యాహ్నం ఎండ ఎండే, చెట్ల నీడ ఉంది కాబట్టి సరిపోతుంది. శని, ఆదివారాలు ముంబై జనం దిగిపోతారు. సోమవారం చేరుకుని గురువారం బయల్దేరండి. తెల్లవారుజామున పనోరమా పాయింట్‌కి వెళ్లేటప్పుడు బిస్కెట్ పొట్లాం సంచిలోనే ఉంచండి. కోతులు పిల్లల చేతిలోంచే లాక్కుపోతాయి.