‘ఏం లేదమ్మా’ అనే పిల్లవాడి మనసు తెలిసేదెలా?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి చదువుతున్నాడు. నిరుటి దాకా బడి నుంచి వస్తూనే కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఈ మధ్య ‘ఇవాళ ఏం జరిగింది నాన్నా?’ అని ఎంత బతిమాలినా ‘ఏం లేదమ్మా’ అంటున్నాడు. గట్టిగా అడిగితే విసుక్కుంటున్నాడు. వాడి మనసులో ఏముందో తెలుసుకోవడం ఎలా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: పొద్దున్నే వ్యాను ఎక్కి, రోజంతా టీచర్ల ముందు అణిగిమణిగి ఉండి, సాయంత్రం మన నగరపు ట్రాఫిక్‌లో నలిగి ఇల్లు చేరిన పిల్లవాడు గుమ్మంలోనే ప్రశ్న ఎదురైతే ముడుచుకుపోవడం సహజం. ముందు కడుపులో ఏదైనా పడనివ్వండి, కాసేపు ఆడుకోనివ్వండి. పైగా ‘ఏం జరిగింది’ అన్నది ఆ వయసుకు చాలా పెద్ద ప్రశ్న. ‘లంచ్‌లో నీ పక్కన ఎవరు కూర్చున్నారు?’, ‘గేమ్స్ పీరియడ్‌లో నిన్ను ఏ జట్టులో వేశారు?’ అని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. అదీ ఎదురుగా కూర్చోబెట్టి కాదు. ఇద్దరూ కలిసి బఠాణీలు ఒలుస్తున్నప్పుడో, బండి మీద వెళుతున్నప్పుడో అడిగితే కళ్లలోకి చూడవలసిన ఇబ్బంది ఉండదు.

అయితే అసలు చిక్కు అడగడంలో కన్నా, పిల్లలు చెప్పిన తర్వాత మనం చేసే పనిలోనే ఉందని నా అభిప్రాయం. ‘వాడు నా పక్కన కూర్చోనన్నాడు’ అనగానే ‘నువ్వేం చేశావు?’ అని విచారణ మొదలుపెడతాం, లేదా ‘మగపిల్లాడివి, దానికే ఏడుస్తారా!’ అని కొట్టిపారేస్తాం. రాత్రికి అదే సంగతి నాన్నమ్మకు, ఫోన్‌లో పిన్నికి నవ్వుతూ చెబుతాం. కొందరైతే క్లాసు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేస్తారు. పక్కగదిలో ఉన్న పిల్లవాడికి ఇదంతా వినిపిస్తూనే ఉంటుంది. ఇక మర్నాడు ఎందుకు నోరు విప్పుతాడు? కాబట్టి సలహా జోలికి పోకుండా ‘చిన్నబుచ్చుకున్నావా?’ అని మాత్రం అడిగి ఆగండి. మీ ఊహ తప్పయితే ‘కాదు, కోపమొచ్చింది’ అని తనే సరిదిద్దవచ్చు. మీకు కావలసిన మాట అదే.

మార్పు ఈ మధ్యే వచ్చిందన్నారు గనుక, సరిగ్గా బడి వేళకు కడుపునొప్పి అనడం, నిద్రలో ఉలిక్కిపడడం వంటివి ఉన్నాయేమో గమనించి, రెండు వారాలు దాటినా తగ్గకపోతే బాబు ఎదుట లేనప్పుడు క్లాస్ టీచరును కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే సలహా తీసుకోవచ్చు. ఎవరైనా కొడుతున్నారనో, తాకరానిచోట తాకుతున్నారనో ఏ కొంచెం అనుమానం కలిగినా మాత్రం రెండు వారాలు ఆగవద్దు. గుచ్చి గుచ్చి అడగకుండా, తప్పు తనది కాదని బాబుకు చెప్పి, రాత్రింబవళ్లు పనిచేసే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు వెంటనే తెలియజేయండి.