ఘాటుగా మాట్లాడితే తప్పా?

ప్రశ్న: మేడమ్, ఆఫీసులో ఒక కొత్త ప్లాన్ మీద మీటింగ్ అయింది, అందరూ తలూపుతుంటే నాకు ఒళ్ళు మండి "బుద్ధున్నోడెవడైనా ఇలా చేస్తాడా" అనేశా. అందులో లెక్క ఎక్కడ తప్పిందో కూడా చూపించా, అయినా ఎవరూ దాని ఊసెత్తలేదు, అరగంట నా మాట తీరు మీదే నడిచి ప్లాన్ ఓకే అయిపోయింది. మెత్తగా చెప్తే ఎవడూ వినడు కదా, గట్టిగా అనడం తప్పంటారా?

జవాబు: గట్టిగా అనడం తప్పు కాదండీ, కానీ మీరు అన్నది ప్లాన్‌ని కాదు. ఆ మాట ఇంకోసారి చదువుకోండి, అందులో ప్లాన్ ఎక్కడుంది? తలూపినవాళ్ళందరినీ బుద్ధిలేని లిస్టులో వేసేశారు, వాళ్ళలో "ఇతను చెప్పేది నిజమేనేమో" అని లోపల గింజుకుంటున్నవాళ్ళు ఒకరిద్దరైనా ఉండి ఉంటారు, వాళ్ళనీ అటు తోసేశారు. పైగా లెక్కకి జవాబు లేనివాళ్ళకి మీరే దారిచ్చారు, "ఆ భాషేంటండీ" అంటే చాలు, గండం గడిచిపోతుంది.

"ఈ లెక్క తప్పు, ఇలా వెళ్తే మూడో నెలకే డబ్బులైపోతాయి, నేను ఒప్పుకోను" అని ఉంటే? నన్నడిగితే బుద్ధి మాటకన్నా ఇదే ఘాటు, అవతలివాళ్ళు మొహం మాడ్చుకుని కూర్చుంటే సరిపోదు, జవాబు చెప్పాలి. అలాగని "ఏమో తెలీదు గానీ, తప్పుగా అనుకోకండి గానీ" అని నసగమనట్లేదు, ఆ నసుగుడు వింటే నాకే చిరాకు.

తిడితే మనకి హాయిగా ఉంటుంది, అది నిజమే. 2009లో ఇంగ్లండ్‌లో కీల్ యూనివర్సిటీ వాళ్ళు స్టూడెంట్స్ చేతులు బాగా చల్లటి నీళ్ళలో పెట్టించి చూస్తే, మామూలు మాట అన్నప్పటికన్నా బూతు మాట అంటున్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. తగ్గింది తిట్టినవాడి నొప్పే, పక్కన కూర్చున్నాయనది కాదు.

మొరటు మాటకి చోటే లేదని కూడా అనను. 1968లో లాస్ ఏంజెలెస్ కోర్టు వరండాలో ఒకతను సైన్యంలో బలవంతపు భర్తీని బూతుతో తిడుతూ రాసున్న జాకెట్ వేసుకుని తిరిగితే 30 రోజుల జైలు వేశారు, 1971లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ శిక్ష కొట్టేసింది, మాటలో విషయంతో పాటు ఆవేశం కూడా ఉంటుంది, మాట పీకేస్తే అదీ పోతుందని. కానీ చూడండి, ఆ బూతు భర్తీ మీద, ఎదురొచ్చిన మనిషి మీద కాదు, కోర్టు కూడా ఈ సంగతి గుర్తుచేసింది.

రేపు వెళ్ళి ఆ బుద్ధి మాటకి సారీ చెప్పేయండి, ఒక్క ముక్కలో, సంజాయిషీలొద్దు. చెప్పాక అక్కణ్ణుంచి లేవకుండా అదే లెక్క కాగితం మీద రాసి ముందు పెట్టండి.