తమ్ముడూ, ఐదు పౌండ్ల రైఫిల్ కొనేముందు నా భుజం కథ విను

నీ మెసేజ్ చదివాను. కొలరాడో వచ్చి నాలుగు నెలలైంది, టీమ్‌లో వాళ్లు అక్టోబర్‌లో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి రమ్మంటున్నారు, ఐదు పౌండ్ల బరువు కూడా లేని బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి తోసేది) ఒకటి చూసిపెట్టుకున్నావు, ధర రెండు వేల నాలుగు వందల డాలర్లు, కొనమంటారా అన్నా అని అడిగావు. కొనొద్దు. ఇంతటితో ఆపేస్తే నువ్వు వినవని నాకు తెలుసు, ఎందుకంటే 2014లో మా ఆఫీసు పెద్దాయన ఒకాయన నాకూ అచ్చం ఇదే చెప్పాడు, నేనూ వినలేదు.

ముందు రూల్స్ ముక్క. నువ్వు హెచ్-1బి మీద ఉన్నావు. ఇమ్మిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కాదు కదా, ఒక్క తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు దాటితే ఏంటి, తుపాకీ కొనేటప్పుడు షాపులో ఇచ్చే ఫారం 4473లో ఏం నింపాలి, ఇవన్నీ లాయర్ని అడుగు, వంద రెండొందలు పోయినా పర్లేదు, ఈ ఒక్క ఖర్చుకి మాత్రం నేను అడ్డు చెప్పను. ఇంకోటి, ఆరు నెలలు ఇక్కడ ఉంటే గానీ నిన్ను రెసిడెంట్‌గా లెక్కపెట్టరు, అప్పటిదాకా ఎల్క్ ట్యాగ్‌కి, అంటే ఒక ఎల్క్‌ని కొట్టే పర్మిట్‌కి, పది రెట్ల పైనే కట్టాలి. నాలుగు నెలలు ఆగినవాడివి ఇంకో రెండు నెలలు ఆగలేవా? మిగతావన్నీ కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్ల సైట్‌లో ఉంటాయి, చూసుకో.

ఇక నా కథ. మాది కదిరి పక్కన పల్లె. తాతకి లైసెన్సు తుపాకీ ఉండేది, వేరుశనగ చేలో పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికి. ఎలక్షన్లొస్తే స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు, ఆ రసీదుని పాస్‌బుక్కులో పెట్టి దాచేవాడు. మమ్మల్ని ఆ తుపాకీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాంతో నాకు, తుపాకీ అంటే మన రక్తంలోనే ఉంది, చేతికి రావడమే ఆలస్యం అనే ఒక పిచ్చి నమ్మకం. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదే కొన్నాను. కార్బన్ ఫైబర్ స్టాక్ (భుజానికి ఆనించే భాగం), పెన్సిల్ కంటే కాస్త లావుగా ఉండే బ్యారెల్, మొత్తం ఐదున్నర పౌండ్లు. షాపులో ఒంటి చేత్తో ఎత్తి చూస్తే ఉత్త కర్ర పట్టుకున్నట్టు ఉంది. పైగా క్యాలిబర్ (తూటా సైజు) .300 విన్ మాగ్. ఎల్క్ అంటే ఏడొందల పౌండ్ల జంతువు, పెద్దది కొడితేనే పడుతుందని నా తెలివి. కంపెనీ పేరు చెప్పను, తప్పు దానిది కాదు.

ధర 1,850 డాలర్లు. అప్పుడు డాలరు అరవై రూపాయలు, అంటే లక్షా పదకొండు వేలు. అదే నెలలో నాన్న కొత్త బోరు వేయించడానికి డబ్బు అడిగితే, ఈ నెల టైట్‌గా ఉంది నాన్నా అని సగమే పంపాను. ఇంట్లో మాత్రం తొమ్మిది వందలకే వచ్చిందని చెప్పాను. రైఫిల్‌కి అంత పోశాక స్కోప్‌కి (గురి చూసే దుర్భిణీకి) చెయ్యి రాలేదు, నూట ఇరవైకి వచ్చేది ఒకటి బిగించాను. ఇదీ మన బుద్ధి, కారు కొని టైర్ల దగ్గర బేరమాడడం.

రేంజ్‌కి (కాల్పుల ప్రాక్టీస్ చేసే చోటికి) వెళ్లిన మొదటి శనివారం మొదటి తూటాకే స్కోప్ అంచు వచ్చి కుడి కనుబొమ్మ మీద కొట్టింది. రక్తం చెంప మీదుగా కారి స్టాక్ మీద పడేదాకా నాకు నొప్పి కూడా తెలియలేదు, చప్పుడుకే తల దిమ్మెక్కిపోయింది. పక్క బెంచీ మీద పన్నెండేళ్ల పిల్ల వాళ్ల నాన్నతో కలిసి చిన్న క్యాలిబర్ .243తో నింపాదిగా కాలుస్తోంది, నన్ను చూసి టిష్యూ ఇచ్చింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఇన్సూరెన్సు డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన వాటా) ఇంకా నిండలేదు కాబట్టి ఆ నాలుగు కుట్లకి 410 డాలర్లు. కుట్టుకి నూట రెండున్నర. ఇప్పటికీ నెలవంకలా ఆ మచ్చ ఉంది, మా ఆవిడ దాన్ని "తొమ్మిది వందల బొట్టు" అంటుంది, అసలు ధర తర్వాత బిల్లు దొరికి తెలిసిందిలే.

ఇంటర్‌లో ఎంసెట్ కోసం బట్టీ పట్టాం కదా, న్యూటన్ మూడో సూత్రం. తూటా ముందుకి ఎంత మొమెంటంతో పోతుందో తుపాకీ వెనక్కి అంతే మొమెంటంతో వస్తుంది. అదే తూటా, తుపాకీ బరువు తగ్గించావనుకో, అది వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది, దాని శక్తి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. బరువు సగమైతే తన్ను రెట్టింపు. రెండు మార్కుల ప్రశ్న. పరీక్షలో రాశాను, షాపులో మాత్రం గుర్తు రాలేదు.

తర్వాత బ్యారెల్ సంగతి. వంద గజాల్లో మొదటి రెండు తూటాలు పక్కపక్కనే పడేవి, మూడోది రెండంగుళాలు పైకి, నాలుగోది ఇంకా పక్కకి. స్కోప్ కుదరలేదేమోనని నాబ్‌లు తిప్పుతూ కూర్చున్నాను, అటు తిప్పడం, ఇటు తిప్పడం, మళ్లీ కాల్చడం. ఇరవై తూటాల డబ్బాలు రెండు అయిపోయాయి, ఒక్కో తూటా రెండు డాలర్లకి పైనే. సన్నటి బ్యారెల్ మూడు తూటాలకే చెయ్యి పెట్టలేనంత కాలుతుందని, వేడికి గురి జరుగుతుందని, బోల్ట్ తెరిచిపెట్టి పది నిమిషాలు ఆగాలని ఎవరూ చెప్పలేదు. నిజానికి చెప్పేవాళ్లని నేను అడగలేదు. నువ్వు అడిగావు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి.

అక్టోబర్ చివర్లో ఫ్లాట్ టాప్స్ కొండల వైపు వెళ్లాం, పదివేల అడుగుల పైన. ఊపిరి అందదు, పొద్దున్నే సీసాలో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. మూడో రోజు పొద్దున ఒక ఆడ ఎల్క్ ఆస్పెన్ చెట్ల అంచు నుంచి పచ్చికలోకి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. 170 గజాలు. అంతకంటే సులువైన గురి ఎవరికీ దొరకదు. ట్రిగ్గర్ లాగాను, దాని కాళ్ల ముందు మట్టి లేచింది. అది తల ఎత్తి నా వైపు చూసి, పరిగెత్తకుండా, నడుచుకుంటూనే చెట్లలోకి వెళ్లిపోయింది. గాయపడకుండా వెళ్లింది, అదొక్కటే నా అదృష్టం. ఆ నడక ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

తిరిగొచ్చాక ఆఫీసు పెద్దాయన నన్ను రేంజ్‌కి తీసుకెళ్లాడు. ఆయన దగ్గర ఉన్నది వాళ్ల నాన్న వాడిన వించెస్టర్ మోడల్ 70 ఫెదర్‌వెయిట్, .270. వించెస్టర్ వాళ్లు ఆ ఫెదర్‌వెయిట్‌ని 1952లో తెచ్చారు, ఆ రోజుల్లో తేలిక అంటే అదే, ఇప్పటి లెక్కలో అది బరువు కిందే జమ. ఆయన నా రైఫిల్ తీసుకుని, నాకు కనబడకుండా తనే తూటా పెట్టి చేతికిచ్చేవాడు, నేను కాల్చాలి. మూడోసారి ఇచ్చినప్పుడు ట్రిగ్గర్ లాగితే టక్ మని చిన్న శబ్దం, అంతే. లోపల తూటా లేదు. కానీ బ్యారెల్ మూతి మాత్రం మూడంగుళాలు కిందకి దిగింది, నా కళ్లు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి, భుజం ముందుకి తోసుకొచ్చింది. పేలని తుపాకీకి నేను భయపడ్డాను. ఆయన నవ్వలేదు, ఏమీ అనలేదు, బోల్ట్ తెరిచి ఖాళీ చాంబర్ చూపించాడు. నలభై ఏళ్ల వయసులో అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

జనవరిలో అమ్మేశాను, 950 వచ్చాయి. రైఫిల్ మీద తొమ్మిది వందలు, స్కోప్, కుట్లు, తూటాలు, ట్యాగ్, పెట్రోలు, మోటెల్, అన్నీ ఎక్సెల్‌లో వేస్తే రెండు వేలు దాటింది. మాంసం సున్నా పౌండ్లు. పౌండుకి ఎంత పడిందో గడిలో లెక్క కడితే ఎర్రర్ వచ్చింది.

ఆ తర్వాత కొన్నది టిక్కా టీ3 లైట్, .308. ఫిన్లాండ్‌లో సాకో వాళ్లు చేసేది, ఇప్పుడు టీ3ఎక్స్ అని వస్తోంది. మూడు కిలోల లోపే, అంటే ఆరున్నర పౌండ్ల లోపు. ట్రిగ్గర్ గార్డ్, మ్యాగజీన్ ప్లాస్టిక్ ముక్కలే, చూడ్డానికి చౌకగా ఉంటుంది, మన వాళ్లు ఎవరైనా వస్తే చూపించి గొప్పలు చెప్పుకోవడానికి పనికిరాదు. కానీ బోల్ట్ వెన్నలా కదులుతుంది. వెయ్యి డాలర్ల లోపే, మిగిలిన దాంట్లో నాలుగు వందల యాభై పెట్టి మంచి స్కోప్ కొన్నాను. దీంతో ఇప్పటికి ఐదు ఎల్క్‌లు కొట్టాను, ఎవరి సాయం లేకుండా రెండింటిని నేనే కోసి మోసుకొచ్చాను. ఈ మాట చెప్పుకునే హక్కు నాకుంది.

నీ ఐదు పౌండ్ల దానికీ దీనికీ తేడా పౌండున్నర. అర లీటరు నీళ్ల సీసా ఒకటి, పైన ఇంకొంచెం. నీ దానికీ స్కోప్, బెల్టు, తూటాలు తగిలిస్తే ఎలాగూ ఏడు దగ్గరికి వస్తుంది. నాకు ఆ రోజుల్లో పొట్టే పద్నాలుగు పౌండ్లు, దాన్ని ఊరికే తగ్గించుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఎల్క్ పడ్డాక అరవై పౌండ్ల మాంసం వీపున వేసుకుని కొండ దిగుతుంటే, చేతిలో రైఫిల్ ఐదా ఆరా అనేది ఎవడికీ తెలియదు, నువ్వు బతికున్నావా లేదా అనేదే తెలియదు.

మరి తేలికవి ఎవరికీ వద్దా అంటే, అదీ కాదు. నా ఫ్రెండ్ గుంటూరతను కింబర్ మౌంటెన్ అసెంట్ వాడతాడు, ఐదు పౌండ్ల లోపే. వాడు గుడారం వీపున వేసుకుని ఎనిమిది మైళ్లు లోపలికి నడిచే రకం, మారథాన్ పిచ్చి. ఆ రైఫిల్ మూతికి బ్రేక్ (పేలుడు గ్యాసుని పక్కలకి మళ్లించే ముక్క) ఉంటుంది కాబట్టి తన్ను తట్టుకోవచ్చు, కానీ ఆ చప్పుడుకి చెవులకి మఫ్స్ లేకపోతే గూబ గుయ్ మంటుంది. వాడు చెప్పేదేంటంటే, తేలిక రైఫిల్ గాలికి కూడా ఊగుతుంది, ఊపిరి పీల్చినా కదులుతుంది, బరువుది తనంతట తానే కుదురుగా నిలబడుతుంది. వాడు ఇంట్లో రోజూ రాత్రి ఖాళీ రైఫిల్‌తో ఇరవై సార్లు ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేస్తాడు. నువ్వు చేస్తావా? మొదటి ఏడాది పార్కింగ్ నుంచి మైలున్నర కూడా దాటవు, రాసిపెట్టుకో.

నీ రెండు వేల నాలుగొందల్లో రైఫిల్‌కి, స్కోప్‌కి కలిపి పదిహేను వందలు మించకు. .308 గానీ 7ఎంఎం-08 గానీ చాలు. .308 అయితే ఏ చిన్న ఊళ్లోనైనా తూటాలు దొరుకుతాయి. ఒక మూడొందలు తూటాలకి, వంద చెవులకి, ఆరెంజ్ జాకెట్‌కి. మిగిలిన ఐదొందలు బ్యాంకులో ఉంచు. లేఆఫ్ వస్తే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి నీ చేతిలో ఉండేది అరవై రోజులు, ఆ అరవై రోజుల్లో కార్బన్ బ్యారెల్ అద్దె కట్టదు. ఇంటికి డబ్బు పంపాల్సింది ఉంటే ముందు అది పంపు. ఆ బోరు సంగతి నాన్న ఎప్పుడూ ఎత్తలేదు, నేనే ఎత్తలేకపోయాను.

హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేసి, లాయర్ సరే అన్నాక, స్మాల్ గేమ్ (కుందేళ్ల లాంటి చిన్న జంతువుల) వేట లైసెన్సు చేతిలో పట్టుకుని ఒక శనివారం రా. నా రైఫిల్ కాల్చి చూద్దువు, కనుబొమ్మకి ఏమీ కాదు. తూటాలు మాత్రం నువ్వే తెచ్చుకో, .308, 150 గ్రెయిన్ (అది తూటా బరువు), ఒక డబ్బా చాలు. ఫ్రీజర్‌లో ఇంకా ఎల్క్ ఖీమా ఉంది, కొవ్వు ఉండదు కాబట్టి నూనె కాస్త ఎక్కువ పడుతుంది, మధ్యాహ్నం ఇక్కడే తినేసి వెళ్దువుగాని.