ఎలుగుబంటి గుడిసెకు వెళ్తున్న బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

ఇంగ్లండ్‌లో, డెవాన్‌లోని కిల్లర్టన్ తోటలో ఎలుగుబంటి గుడిసె అనే పాత గడ్డికప్పు విడిదిని బాగుచేసే పనికి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అప్పట్నుంచి పగలంతా వీధిలో గొప్పలు చెప్పుకుంటున్నాను, రాత్రి మాత్రం నిద్ర లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు, నీకేమో జీతమిచ్చి మరీ లెక్కపెట్టమంటున్నారు!

అనుమతి కాగితం రాకుండా గడ్డిపరక కూడా కదపకు. గబ్బిలాలు కనిపిస్తే పని ఆపెయ్, చట్టం వాటి పక్షం. ముందు ఫోటోలు తీసిపెట్టుకో.

ఇక నా వెధవ పని విను. ఇంగ్లండ్‌లో నా మొదటి ఏడాది, ఓ పెద్ద బంగళా తోటలో (పేరెందుకులే) అలాంటిదే చిన్న గడ్డికప్పు విడిది ఉండేది. చలికాలం ముందు కొప్పు (కప్పు రెండు వాలులూ కలిసే నడినెత్తి) దగ్గర కారుతోందన్నారు. కోనసీమలో తాటాకింట్లో పుట్టినవాణ్ణి, నాకు చెప్పేదెవరు? తుఫానప్పుడు మా నాన్న చేసినట్టే పైనుంచి చూరుదాకా బరకం కప్పి తాళ్లతో బిగించేశాను. మన తాటాకు పల్చన, ఎండ కాస్తే పూటలో ఆరిపోతుంది. అక్కడి గోధుమగడ్డి కప్పు అడుగు మందం, వానకి పై అంగుళమే తడిసి గాలికి మళ్లీ ఆరుతుంది, అందుకే పాతిక ముప్పై ఏళ్లు నిలుస్తుంది, కొప్పు మాత్రం పది పదిహేనేళ్లకి మార్చుకోవాలి. నేను ఆ గాలినే ఆపేశాను. మార్చిలో బరకం తీస్తే పెంటకుప్పలా వెచ్చగా ఆవిరి, మీద పుట్టగొడుగులు. గడ్డికప్పు నేసే ముసలాయన లోపలికి చెయ్యి దూర్చి, పిడికెడు నల్లటి ముద్ద తీసి నా అరచేతిలో పెట్టి, ఏమీ అనకుండా టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఒక్క కొప్పుకి కొత్త గడ్డి వేసి, హేజెల్ చెట్టు పుల్లలు మెలితిప్పి గుచ్చితే పోయేదానికి, మొత్తం నేయించాల్సొచ్చింది.

బరకం జోలికి పోకు, అంతే. పైన కొమ్మలు నీడేస్తుంటే కొట్టించమని అడుగు. పాచి కనపడగానే గోకెయ్యకు, గడ్డీ ఊడొస్తుంది.

నీ గుడిసె మరీ ముద్దొస్తుందిలే. 1808లో ఆ తోట సొంతదారు థామస్ ఆక్లండ్ దొర తన పెళ్లాం లిడియా కోసం కట్టించాడు, తర్వాతెప్పుడో కెనడా నుంచి తెచ్చిన నల్ల ఎలుగుబంటిని అందులో పెట్టారు. ఒక గదిలో నేలంతా జింకల కీళ్ల ఎముకలే. ఆ నేల మీద హీల్స్‌తో తిరిగావో, చెబుతా నీ పని.

నిప్పు సంగతి. ఆ చెమ్మ దేశంలో నిప్పు భయమేంటని మీ పెద్దమ్మ నవ్వుతోంది. ఆవిడది డాబా ఇల్లు. మా పేటలో ఓ ఎండాకాలం ఒక్క పొయ్యి రవ్వకి వరసంతా పోయింది, అమ్మ నన్ను చంకనేసుకుని కాలవలో మెడదాకా దిగి నిలబడింది. గుడిసె దగ్గరకి సిగరెట్‌తో గానీ వెల్డింగ్ సామానుతో గానీ ఎవడొచ్చినా సరే, గొడవ పెట్టుకో. నువ్వు మెతక మనిషివి, అదే నా టెన్షన్.

నీళ్ల పైపు ఎక్కడుందో, గుడిసెదాకా అందుతుందో లేదో మొదటిరోజే చూసి మెసేజ్ పెట్టు. అర్ధరాత్రయినా పర్లేదు, మేలుకునే ఉంటాను.

మీ పెద్దనాన్న