ప్రపంచీకరణ ఏం మార్చింది? ప్యాకింగ్ లిస్టులో రాయని సరుకు గురించి

మీరు అడిగింది ఇది: "ప్రపంచీకరణ వల్ల ఆర్థిక వ్యవస్థలు, టెక్నాలజీ, ఆరోగ్యం, పర్యావరణం ఎలా మారాయి? నిర్వచనాలు వద్దు, పనిలో చూసినవాళ్లు చెప్పండి."

నేను ఆర్థికవేత్తను కాను. ఒక ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసులో 18 ఏళ్లు డాక్యుమెంటేషన్ చూశాను. అంటే ఎవరిదో సరుకు కంటైనర్లో పెట్టి ఓడ ఎక్కించడానికి కావాల్సిన కాగితాలు తయారుచేసే పని: ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందనే రసీదు). పెట్టెలో ఏముంది, ఎన్ని కిలోలు, సీల్ నంబర్ ఎంత, అన్నీ అక్షరం పొల్లు పోకుండా రాయాలి. ఒకసారి కొనుగోలుదారు పేరులో నేను ఒక అక్షరం తప్పు రాశాను. ఎల్‌సీలో, అంటే డబ్బు చెల్లిస్తామని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ పత్రంలో, ఉన్న పేరుతో కలవలేదని బ్యాంకు కాగితాలు తిప్పి పంపింది. సరుకు అవతలి పోర్టులో 11 రోజులు పడి ఉంది, డెమరేజ్ (పోర్టులో అలా పడి ఉన్నందుకు వేసే రుసుము) మేమే కట్టుకున్నాం. అంత జాగ్రత్తగా రాసే ఆ కాగితాల్లోకి ఎక్కని సరుకు కూడా అదే పెట్టెలో వెళ్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నా జవాబంతా దాని గురించే.

ముందు డబ్బు సంగతి. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే అమెరికన్ లారీల వ్యాపారి, 'ఐడియల్ ఎక్స్' అనే పాత ట్యాంకర్ ఓడ మీద 58 పెట్టెలు, అంటే కంటైనర్లు, పేర్చి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అప్పటిదాకా మూటలూ పీపాలూ కూలీలు ఒక్కొక్కటిగా ఎక్కించేవారు. అలా ఎక్కిస్తే టన్నుకు 5.86 డాలర్లు అయ్యేది. పెట్టెలతో అది 16 సెంట్లకు దిగిపోయింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలవడం, 2001 డిసెంబరులో చైనా అందులో చేరడం, ఇవన్నీ పెద్ద విషయాలే, కాదనను. కానీ సుంకాలు ఎంత తగ్గించినా సరుకు మోసే ఖర్చు ఇలా పడిపోకపోతే ఒక దేశంలో బొత్తాలు, ఇంకో దేశంలో బట్ట, మూడో దేశంలో కుట్టు అనే పద్ధతి ఎవరికీ గిట్టేది కాదు.

దీనివల్ల ఎవరు బాగుపడ్డారు? చాలామందే. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా కటిక పేదరికంలో ఉంటే, 2019 నాటికి అది సుమారు పదో వంతుకు వచ్చింది. అదంతా వ్యాపారం చలవే అనడం అతి అవుతుంది గానీ, చైనా, వియత్నాం లాంటి దేశాలు ఎగుమతులు లేకుండా అంత వేగంగా ఎదిగేవి కావు. అదే కాలంలో అమెరికాలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2000లో సుమారు 1.7 కోట్లు ఉన్నవి 2010కి సుమారు 1.15 కోట్లకు పడిపోయాయి. అందులో యంత్రాల పాత్ర ఉంది, 2008 మాంద్యం పాత్ర ఉంది, దిగుమతుల పాత్రా ఉంది.

బ్రాంకో మిలనోవిచ్ అనే ఆర్థికవేత్త 1988 నుంచి 2008 దాకా ప్రపంచంలో ఎవరి ఆదాయం ఎంత పెరిగిందో గీస్తే, ఆ గీత ఏనుగు ఆకారంలో వచ్చింది. ఏనుగు వీపు మీద ఆసియా మధ్యతరగతి, పైకెత్తిన తొండం చివర ప్రపంచంలోని అత్యంత ధనవంతులు. మధ్యలో తొండం కిందికి వంగిన చోట ధనిక దేశాల దిగువ మధ్యతరగతి, అంటే ఫ్యాక్టరీ మూతపడ్డ ఊళ్లో మిగిలిపోయినవాళ్లు. వాళ్లకు చవగ్గా టీవీ దొరికింది, జీతం మాత్రం పోయింది. చవక మీద అందరూ మాట్లాడతారు, ఎందుకంటే అది బిల్లులో కనిపిస్తుంది.

బిల్లులో కనిపించనిది ఇంకొకటి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి, అయినా కుట్టుపని వాళ్లను లోపలికి పంపారు. ఆ వార్త వచ్చిన రోజు నా టేబుల్ మీద ఒక రెడీమేడ్ దుస్తుల ప్యాకింగ్ లిస్టు ఉంది. అది అక్కడి సరుకు కూడా కాదు. కార్టన్లు ఎన్ని, ఒక్కో కార్టన్‌లో ముక్కలెన్ని, సైజు, రంగు, నికర బరువు, మొత్తం బరువు, అన్నీ ఉన్నాయి. ఎలాంటి కట్టడంలో కుట్టారో రాయడానికి మాత్రం గడి లేదు. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

టెక్నాలజీ గురించి అందరూ ఇంటర్నెట్ అంటారు కాబట్టి నేను పొడిగించను. నా ఉద్యోగంలో మొదట్లో బిల్ ఆఫ్ లేడింగ్ ఒరిజినల్స్ మూడు సెట్లు కొరియర్‌లో వెళ్లేవి, చివరికొచ్చేసరికి చాలావాటికి ఒక ఈమెయిల్ సరిపోయేది. నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకో కోణం. పని పంచుకోవడం ఎంత పెరిగితే ఒక్కచోట ఆగితే అన్నిచోట్లా ఆగిపోవడం అంత పెరిగింది. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొస్తే ప్రపంచమంతా హార్డ్ డిస్కుల ధరలు మండిపోయాయి, ఎందుకంటే వాటి తయారీలో పెద్ద భాగం అక్కడే. మా ఆఫీసు సర్వర్‌కు డిస్కులు మార్చాలని వాయిదా వేస్తూ వచ్చిన మా మేనేజరు ఆ నెల్లో మాతో సరిగ్గా మాట్లాడలేదు.

2017 జూన్ 27న జరిగింది ఇంకా విచిత్రం. ఉక్రెయిన్‌లో వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోంచి 'నాట్‌పెట్యా' అనే వైరస్ బయటికొచ్చి, డెన్మార్క్‌కు చెందిన మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ కంప్యూటర్లలో చాలావాటిని పడగొట్టింది. ఖండాల అవతలి టెర్మినళ్లలో గేట్లు తెరుచుకోలేదు, బయట లారీలు బారులు తీరాయి. ఆ కంపెనీ పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంది. కొంత డేటా మాత్రం ఘనాలోని వాళ్ల ఆఫీసులో ఒక్క సర్వర్లో మిగిలింది, ఎందుకంటే దాడి జరిగినప్పుడు అక్కడ కరెంటు పోయి ఉంది! కరెంటు పోవడం మేలు చేసిన కథ నేను విన్నది అదొక్కటే.

ఆరోగ్యం దగ్గరికొస్తే నాకు ముందు గుర్తొచ్చేది 2003 ఫిబ్రవరి. సార్స్ సోకిన ఒక డాక్టరు హాంకాంగ్‌లోని మెట్రోపోల్ హోటల్ తొమ్మిదో అంతస్తులో బస చేశాడు. అదే అంతస్తులో దిగిన అతిథులు ఆ జబ్బును తెలియకుండానే హనోయ్, సింగపూర్, టొరంటోలకు మోసుకెళ్లారు. చివరికి లెక్కతేలింది 8,000 పైచిలుకు కేసులు, 774 మరణాలు. విమానం టికెట్ మీద ప్రయాణికుడి పేరు ఉంటుంది, జబ్బు పేరు ఉండదు కదా.

అయితే మందూ అదే దారిలో వచ్చింది, ఇది మర్చిపోకూడదు. హెచ్‌ఐవీ మందుల కోర్సుకు మనిషికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా అవుతున్న రోజుల్లో, 2001లో సిప్లా కంపెనీ 350 డాలర్లకే ఇస్తామంది. వాణిజ్య సంస్థ పేటెంటు నిబంధనలు ప్రజారోగ్యానికి అడ్డు రాకూడదని అదే ఏడాది నవంబరులో దోహాలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఒక ఒప్పందంతో ముడి వేసిందీ వాళ్లే, గగ్గోలు పుట్టాక సడలించిందీ వాళ్లే. కోవిడ్ అప్పుడు కూడా అంతే. వైరస్ జన్యుక్రమం 2020 జనవరిలో బయటపెడితే మార్చి 16కల్లా మొదటి టీకా మనుషుల మీద పరీక్షకొచ్చింది. ఫైజర్ టీకా తయారీకి 19 దేశాల నుంచి 280 రకాల సామగ్రి కావాలని ఆ కంపెనీయే చెప్పింది. ఏ దేశమూ అన్నీ తనే చేసుకోలేదు. తయారయ్యాక మాత్రం డబ్బున్న దేశాలు ముందు వరుసలో నిలబడి ఎక్కువ డోసులు పట్టుకుపోయాయి.

ఆ రెండేళ్లు మా ఆఫీసులో టెన్షన్ అంతా ఇంతా కాదు. ఖాళీ కంటైనర్లు ఉండాల్సిన చోట లేవు, అక్కర్లేని చోట గుట్టలు పడ్డాయి. 2021లో 40 అడుగుల కంటైనర్ సగటు రేటు 10,000 డాలర్లు దాటింది. ఒక కస్టమరు బుకింగ్ నాలుగుసార్లు రోల్ అయింది, అంటే ఓడలో చోటు లేదని తర్వాతి ఓడకు తోసేశారు. ఆ మార్చిలో 400 మీటర్ల ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడి ఆరు రోజులు కదల్లేదు. మా మూడు పెట్టెలు అందులో లేవు గానీ వెనక క్యూలో నిలబడ్డ 400 పైచిలుకు ఓడల్లో ఒకదాంట్లో ఉన్నాయి. కస్టమర్లు రోజుకు పదిసార్లు ఫోన్ చేసేవారు, నేను మ్యాప్ తెరిచి ఓడలను చూపించే చుక్కల వంక చూస్తూ కూర్చునేదాన్ని. ఆ చుక్కల్లో మనుషులుంటారని గుర్తుచేసింది ఒక కెప్టెన్ రాసిన ఈమెయిల్. సరుకు గురించి నేనడిగిన దానికి జవాబిచ్చి, కింద ఒక్క లైను: "నేను ఓడెక్కి 14 నెలలైంది." సరిహద్దులు మూసేయడంతో కాంట్రాక్టు అయిపోయినా దిగలేక 2020 చివరికి సుమారు 4 లక్షల మంది నావికులు ఓడల్లోనే ఉండిపోయారు. మందులూ మాస్కులూ మోసింది వాళ్లే.

ఇక పర్యావరణం. నేను దగ్గర్నుంచి చూసింది చెక్క ప్యాలెట్. సరుకు కింద పెట్టే ఆ చెక్క బల్లను ఎవరూ పట్టించుకోరు, సరుకులో లెక్క కూడా కాదు. కానీ దాని లోపల పురుగు ఉంటే అది సముద్రం దాటుతుంది. 1996లో న్యూయార్క్‌లో ఆసియాకు చెందిన పొడవు మీసాల పెంకుపురుగు దొరికింది, చెక్క ప్యాకింగ్‌లో వచ్చిందని తేల్చారు. దాన్ని వదిలించుకోవడానికి వేల చెట్లు కొట్టేశారు. 2002లో డెట్రాయిట్ దగ్గర కనిపించిన ఇంకో ఆకుపచ్చ పురుగు కోట్లాది యాష్ చెట్లను తినేసింది. ఆ ఏడాదే అంతర్జాతీయ నిబంధన వచ్చింది: ప్యాకింగ్ చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలేలా వేడి చేయాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి. అలా చేసినట్టు గోధుమ కంకి బొమ్మతో ముద్ర వేయాలి.

ఒకసారి మా ద్వారా యంత్ర భాగాలు వెళ్లాయి, 12 ప్యాలెట్లు, అన్నిటికీ ముద్ర ఉంది. లోడింగ్ అప్పుడు ఒకదాని పలక విరిగితే గోడౌన్లో ఎవరో పక్కన పడున్న చెక్కముక్క కొట్టి సరిచేశారు. అవతల తనిఖీలో టార్చి వేసి చూసిన అధికారికి ఆ ఒక్క ముక్కే కనబడింది. వాళ్లు పంపిన ఫోటో ఇప్పటికీ నా కళ్లముందుంది: పెన్సిల్ ముల్లు పట్టేంత రంధ్రం, దాని కింద చిటికెడు తెల్లటి పొడి. కంటైనర్ మొత్తం ఆపేశారు. సీలు, బరువు, ఇన్‌వాయిస్, అన్నీ కరెక్టే, కానీ పెట్టెలో నేను రాయనిది ఒకటి ఉంది. తమాషా ఏంటంటే, పురుగును చంపే ఆ మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను తినే వాయువు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని మిగతా పనులకు ఆపేస్తూ వచ్చారు గానీ, క్వారంటైన్ అవసరాలకు మినహాయింపు ఇచ్చారు. ఒక దేశం చెట్లను కాపాడటానికి అందరి ఆకాశం మీద కొంచెం భారం.

చెత్త సంగతి కూడా ఇలాంటిదే. సరుకు దించిన కంటైనర్ ఖాళీగా వెనక్కి వెళ్లడం ఓడ కంపెనీలకు నష్టం కాబట్టి ఆ దారిలో రేటు చాలా తక్కువ. అంత చవగ్గా ఏం పంపుతారు? పాత కాగితం, ప్లాస్టిక్. ధనిక దేశాల్లో 'రీసైక్లింగ్' డబ్బాలో వేసిన దాంట్లో బోలెడు అలా చైనాకు పోయేది. 2018 జనవరిలో చైనా తలుపు మూసింది. అది మలేసియా, వియత్నాం, థాయ్‌లాండ్ మీద పడింది. 2020 జనవరి నాటికి మలేసియా 150 కంటైనర్ల ప్లాస్టిక్ చెత్తను వచ్చిన దేశాలకే తిప్పి పంపింది.

ఓడల పొగ మీద మాత్రం నా అభిప్రాయం కొంచెం వేరు. ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో ఓడలది 3 శాతం దాకా ఉంటుంది, నిజమే, కానీ అవి మోసే బరువుతో పోలిస్తే లారీ కంటే, విమానం కంటే చాలా నయం. నాకు అభ్యంతరం లెక్క రాసే పద్ధతి మీద. అంతర్జాతీయ ఓడల ఇంధనాన్ని ఏ దేశం మొత్తంలోనూ కలపరు, విడిగా చూపిస్తారు. ఫ్యాక్టరీ పొగ వస్తువు తయారుచేసిన దేశం ఖాతాలో పడుతుంది, వస్తువు వాడినవాళ్ల ఖాతాలో కాదు. అలా రాస్తే దిగుమతి చేసుకునే దేశాలు శుభ్రంగా కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

కింద కామెంట్లో ఒకరు "మొత్తానికి మంచిదా చెడ్డదా, ఒక్క మాటలో చెప్పండి" అన్నారు. ఒక్క మాటలో నాకు రాదండీ. అదే కామెంట్లో పాత ప్యాలెట్లతో ఇంటికి బల్ల చేసుకుంటున్నానని కూడా రాశారు కాబట్టి దానికైతే జవాబుంది. చెక్క పక్కన గోధుమ కంకి ముద్ర వెతకండి. హెచ్, టి అని ఇంగ్లిష్ అక్షరాలుంటే వేడి పెట్టిన చెక్క, వాడుకోవచ్చు. ఎం, బి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పెట్టినది, ఇంట్లోకి తేకండి. ముద్రే లేకపోతే ఎక్కడా చిన్న రంధ్రాలు, తెల్లటి పొడి లేవని చూసుకోండి.