రెండో పేరు రాసినంకనే మొదలువెట్టు

హన్మకొండ

బిడ్డా,

నువ్వూ నీ హాస్టల్ దోస్తులు ముగ్గురూ కలిసి డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంకు తెలుగు ప్యాకేజీలు, అంటే అందుల ఎక్కిచ్చుకునే సాఫ్ట్‌వేర్ మూటలు, కట్టుడు మొదలువెడుతున్నరని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. జీతం లేని పనికి ఇంత సంబురమేందని ఆమె రంది. నాకైతే గుండె నిండింది. కానీ నిద్ర పట్టలె, అందుకే తెల్లారంగనే రాస్తున్న.

తెలిసిన ముచ్చట్లు తొందరగ చెప్పేస్త. ఎత్తుకునే ముందు అది ఇప్పటికే ఉన్నదా చూడు; పోతన, వేమన ఫాంట్లు ఎప్పటినుంచో ఉన్నయి. ఐటీపీ, అంటే "ఇది నేను కడుతున్న" అని ముందే అందరికి చెప్పే నోటీసు, వెయ్యి, లేకుంటే ఇద్దరు ఒక్కటే పని చేసి ఆగమైతరు. లైసెన్సు ఒక్కో ఫైలుకు చూడు. నీ ల్యాప్‌టాప్‌ల కోడ్ బిల్డ్ అయి ప్రోగ్రామ్ తయారైందని మురువకు, ఖాళీ సిస్టంల కట్టి చూసే ఎస్‌బిల్డ్‌తోని కట్టి చూడు. అసలు రచయిత కోడ్‌ల ఒక్క గీత మార్చినా, ఎందుకో రాసి ఆయనకు పంపు. 2006ల ఒక హెచ్చరిక నోరు మూయించుదామని డెబియన్ వాళ్లు రహస్య తాళంచెవులు చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌ల గీతలు తీసేసిన్రు. 2008 మేల బయటపడే దాక, దాంతోని చేసిన తాళంచెవులు ఒక్కో రకానికి 32 వేల చిల్లరే. ఎవడైనా అన్నీ తిప్పి చూడొచ్చు.

ఇగ నా భయం. 2016ల నా పేరు మీద చిన్న ప్యాకేజీ ఒకటుండె. పక్కన ఇంకొక పేరు రాయనియ్యలె, నాది అనుకున్న. ఆ వానకాలమే మీ తాతకు పక్షవాతం వచ్చింది. పగలు దవాఖాన, రాత్రి ఆయన మంచం పక్కన. కోడ్‌ను ప్రోగ్రామ్‌గ మార్చే జీసీసీ కంపైలర్ 6కు డెబియన్ మారంగనే నా ప్యాకేజీ బిల్డ్ కాకుండ అయింది. ముక్కుమొఖం తెలువని మనిషి ఒకాయన దాన్ని సరిచేసే ప్యాచ్ పంపిండు, నాలుగే గీతలు. రేపు చూస్త అనుకున్న. నెలకు మళ్ల రాసిండు, మీరు మంచిగున్నరా, నేను అప్‌లోడ్ చెయ్యనా అని. నాకు చిన్నతనమనిపించింది. జవాబియ్యలె.

బిల్డ్ కానిదాన్ని టెస్టింగ్‌లకెల్లి, అంటే రాబోయే విడుదల తయారయ్యే కాడికెల్లి, తీసేస్తరు, విడుదలకు ముందు మార్పులు ఆపే ఫ్రీజ్ పడ్డంక తిరిగి రానియ్యరు. 2017 జూన్‌ల డెబియన్ 9 వచ్చింది. నాది అందుల లేదు. తర్వాతది 2019 జూలై దాక రాలె. పరకాల దిక్కు ఒక బడి సారు దాన్నే నమ్ముకొని పిల్లల కంప్యూటర్లు నడిపిస్తుండె, ఇంటిదాక వచ్చి "అదెటు పోయిందన్నా" అని అడిగిండు. ఏం చెప్పాలె? ప్యాచ్ పంపినాయనకు మాఫీ అడుగుతూ రాసేటాళ్లకు ఏడాదిన్నర దాటింది. ఇప్పటిదాక జవాబు లేదు.

"వదులుతున్న, ఎవరన్న తీసుకోండ్రి" అని రాస్తే అయిపోయేది. పది నిమిషాల పని. ఆ మంచం పక్కన పది నిమిషాలు దొరకలేదని అబద్ధమాడలేను. వదులుడంటే ఓడుడనుకున్న. మీ తాత మా ఊరి చెరువు కాడ నీరటి, తెలుసు కదా. జరమొస్తే తూము సంగతి పక్కింటాయనకు అప్పజెప్పి దుప్పటి కప్పుకునేటోడు. ఎవరి మడీ ఎండనియ్యలె. ఆయన కొడుకునై ఆ తెలివి నాకు రాలె.

2024 మార్చిల ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామ్ సంగతి చదివినప్పుడు చెమట పట్టింది. ఏండ్లుగ ఒక్క మనిషే మోసి అలిసిపోయిన ప్రాజెక్టు. సాయమని వచ్చినోడు రెండేండ్లకు పైగ మంచిగ చేసి, నమ్మకం సంపాదించి, దొడ్డిదారి పెట్టిండు. అది డెబియన్ టెస్టింగ్ దాక వచ్చింది. దూరపు కంప్యూటర్ల లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ అరసెకను ఆలస్యమైతుందేందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామరు తవ్వకపోతే ఎంతదూరం పోతుండెనో. ఒంటరిగుంటే నేను మంచోన్ని దూరం చేసుకున్న. ఆ ఎక్స్‌జెడ్ మోసినాయన అలిసి చెడ్డోన్ని దగ్గరికి రానిచ్చిండు.

అందుకే అంటున్న, ఒక్క ప్యాకేజీ కూడ ఒక్క పేరు మీద పెట్టకుండ్రి. పరీక్షలకు నెల ముందే ఎవరిది ఎవరు చూస్తరో మాట్లాడుకోండ్రి. రాత్రి రెండింటిదాక బిల్డ్ చూసుకుంట కూసుంటున్నవట, సన్నగైనవట. అన్నం తిని పండుకో, లాగ్ పొద్దున కూడ అక్కడ్నే ఉంటది.

ఆదివారం పొద్దటి బస్సుకు కరీంనగర్ వస్తున్న. అక్క సకినాలు పంపుతుంది. మీ మొదటి ప్యాకేజీ చూసుకునేటోళ్ల పేర్లుండే కంట్రోల్ ఫైల్ తెరిచి పెట్టు, రెండో పేరు నా ముందట రాయుండ్రి. నలుగురిల ఎవరికీ తీరకపోతే నా పేరు రాయి.

మీ మామ