కచేరీల కోసం ఏడాదంతా కారులో తిరగడం ఖర్చుకు తగిన పనేనా?

ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, కారులో దేశమంతా తిరుగుతూ సంగీతాన్ని ఎదురుగా కూర్చుని వినాలనుకుంటున్నాననీ, అది ఖర్చుకు తగిన పనేనా అనీ అడిగారు. పదవీ విరమణ చేశాక నేనూ మా బావమరిదీ గత ఏడాది చేసింది అదే కనుక, తగినదేనని ధైర్యంగా చెప్పగలను. అయితే పెద్ద సభల జాబితా చేతపట్టుకుని బయలుదేరితే మాత్రం డబ్బు దండుగ. చెన్నై సభలు, పుణెలో సవాయ్ గంధర్వ ఉత్సవం, గ్వాలియర్‌లో తాన్‌సేన్ సమారోహం, అన్నీ డిసెంబరులోనే వచ్చి పడతాయి. ఒకదానికి వెళితే మిగిలినవి పోయినట్లే.

నా సలహా ఒక్కటే: ఒక వాద్యాన్ని పట్టుకుని ఒక రోడ్డు వెంట వెళ్లండి. మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా (హైదరాబాదు బంధువులు నేటికీ మమ్మల్ని "మీకు తెలుగు ఎలా వచ్చు?" అని అడుగుతారు, అది వేరే బాధ). పదహారో నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే చెన్నైకి పోతుంది. మేము పట్టుకున్నది సన్నాయి. మా గంజాం జిల్లాలో ఊదే సన్నాయి లాంటి వాద్యం మహురి; అది పొట్టిది, గొంతు పదునైనది. మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాత్రలో ఢోళ్లతో పోటీపడి వీధి చివరి దాకా వినిపించడమే దాని పని. ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం జిల్లా పెళ్లిళ్లలోకి అడుగుపెడితే సన్నాయి వరస మారుతుంది, పక్కనున్న డోలూ మారుతుంది. ఒంగోలు దగ్గర కరవది వస్తుంది. శ్రీరంగంలో స్థిరపడి తమిళుల చేత జేజేలు కొట్టించుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన ఊరు అదేనని తెలియక, హైవే మీద మనవాళ్లు తల తిప్పకుండా పోతుంటారు.

ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తున్నది తిరువైయారు ఆరాధన కూడా కాదు, కుంభకోణం దగ్గరి నరసింగంపేటలో గడిపిన మధ్యాహ్నం. అక్కడ తయారయ్యే నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బాగా ఎండిన కర్ర కావాలి కనుక, కూల్చిన పాత ఇళ్ల దూలాలను తెచ్చి, తరిమెన పట్టి, నిలువునా తొలుస్తారు. మేము వెళ్లిన చోట ఒక ముసలాయన నేల మీద కూర్చుని గొట్టానికి నునుపు పెడుతున్నారు. మా బావమరిది సంచిలోంచి బరంపురం మహురి తీసి ఆయన ముందు పెట్టాడు. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి, లోహపు మూతిని వేలితో తట్టి, నోట పెట్టుకుని ఊదే పీకను నాలుకతో తడిపి ఒక్కసారి ఊదేసరికి, పనిచేస్తున్న కుర్రాళ్లందరూ చెవులు మూసుకున్నారు. తరువాత గోడకు ఆనించిన పొడవాటి నాదస్వరాన్ని అందుకుని అదే నాలుగు స్వరాలను నిదానంగా పలికించారు. "దీనికి గాలి ఎక్కువ కావాలి, మీదానికి కోపం ఎక్కువ కావాలి" అని ఆయన అన్నట్లు ఒక కుర్రాడు వచ్చీరాని తెలుగులో చెప్పాడు. మా వాడు నా చెవిలో, "బావా, మన పిల్ల పెళ్లిచూపుల్లో తప్పిందే!" అన్నాడు.

కావేరి గట్టున కూడా పూర్వం తిమిరి అనే పొట్టి నాదస్వరాన్నే హెచ్చు శ్రుతిలో ఊదేవారు. పొడవైన బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చినవారు టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956). నా సిద్ధాంతం ఏమిటంటే, ఊరేగింపు వెంట నడిచిన శ్రోత కచేరీలో కూర్చున్నాకే గొట్టం పొడవైంది. మా గంజాంలో వినేవాడు నేటికీ నడుస్తూనే ఉన్నాడు కనుక మహురి పొట్టిగానే ఉండిపోయింది. దీనిని పండితులు ఒప్పుకుంటారా లేదా అన్నది నాకు అనవసరం; అంత దూరం కారు నడుపుకుంటూ వెళ్లి విన్నవాడిని నేను.

నన్ను బాధించేది మరొకటి. వీధి మొత్తానికి వినిపించాలని పుట్టిన ఈ వాద్యం ముందు ఇప్పుడు గుడిలో కూడా మైకు పెడుతున్నారు. మా ఊరి పెళ్లిళ్లలో అయితే డీజే పెట్టెలు వచ్చి మేళాన్ని పూర్తిగా తరిమేశాయి. మేము వెంట తీసుకెళ్లిన మహురి కూడా, కొడుకులెవరూ ఆ విద్య నేర్చుకోలేదని ఒక వాయిద్యకారుడు అటక మీద పడేసినదే.

అందుచేత మీరు సభల తేదీలు కాక పంచాంగం చూసుకుని బయలుదేరండి. మాఘ ఫాల్గుణాలలో పెళ్లి ముహూర్తాలున్న రోజులలో టెక్కలి, నరసన్నపేట వైపు తెల్లవారుజామున కారు నిదానంగా నడపండి. మేళం వినిపిస్తే ఆపండి, పిలవలేదని మొహమాటపడకండి, కాఫీ కూడా ఇస్తారు. మూఢంలో మాత్రం వెళ్లకండి, టోలు కట్టడం తప్ప వినడానికి ఏమీ ఉండదు.